సర్పంచ్ గారి రక్తం

రాతిగూడెంలో ఇకపై రక్తహీనత అనే మాటే వినపడదని సర్పంచ్ కోమల గారు ప్రకటించినట్టు ఆమె భర్త ఎల్లస్వామి గారు ప్రకటించారు.

ఈ చారిత్రక ప్రకటన వెలువడిన సమయంలో కోమల ఉపాధి హామీ పనిలో మట్టి తట్ట మోస్తోంది. తానేం ప్రకటించిందో సాయంత్రం ఇంటికొచ్చాక అత్త బిక్షమ్మ చెబితే ఆమెకు తెలిసింది. అప్పటికే ఆలేరులో ఫ్లెక్సీ కూడా అచ్చయింది. అందులో ఎల్లస్వామి నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. కోమల ఆయన మోచేతి కింద, ఆధార్ కార్డులో ఉన్నంత సైజులో ఉంది.

ఎల్లస్వామిని తప్పుపట్టేవాళ్లు ఉత్త అసూయపరులు. సర్పంచ్ సీటు ఎస్సీ మహిళకు రిజర్వ్ అయింది. ఆయన ఎస్సీయే, మహిళ మాత్రం కాదు. ఇంత చిన్న లోపానికి జడిసి ఊరి సేవ మానుకునే మనిషి కాదాయన. భార్యను నిలబెట్టాడు, గెలిపించాడు, మర్నాడే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కోమల సంతకం కోమల కంటే గుండ్రంగా పెడతాడు. మహిళా దినోత్సవం నాడైతే మైకు పట్టుకుని, "మేం ఆడోళ్లం ఎన్ని కష్టాలు పడుతున్నమో మీకేం ఎరుక" అని మొదలుపెట్టి, తన మాటలకు తనే కళ్లు తుడుచుకున్నాడు. వెనక వరసలో నవ్వినవాణ్ని బయటికి పంపించారు.

పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లందరికీ రక్తపరీక్ష, అందరికంటే ముందు సర్పంచ్‌కు. ఆ రోజు కోమల పొద్దున్నే తలస్నానం చేసి మంచి చీర కట్టుకుంది. నాలుగు నెలలుగా ఆమెకు కళ్లు తిరుగుతున్నాయి. మొన్న తట్టతో సహా కూలబడింది కూడా. పరీక్ష ఎప్పుడెప్పుడా అని నిజంగానే ఎదురుచూసింది.

"గీ ఎండల నువ్వెందుకు? నేను లేనా?" అన్నాడు ఎల్లస్వామి.

"రక్తం నాది గదా."

"సర్పంచ్ రక్తం అది. సర్పంచ్ పని ఏ దినం చేసినవని ఇయ్యాల చేస్తనంటున్నవ్?"

బర్రెలకు నీళ్లు పెట్టలేదని బిక్షమ్మ గుర్తుచేసింది. కోమల మంచి చీరలోనే బకెట్ ఎత్తుకుంది.

పంచాయతీ వరండాలో నర్సు గ్లోరీ సూదులు పరుచుకుని కూర్చుంది. వేలు చాపిన ఎల్లస్వామిని చూసి ఆగిపోయింది.

"అన్నా, గిది ఆడోళ్ల పరీక్ష."

"కాయితం మీద ఎవరి పేరు రాసినవ్?"

"కోమల వదిన పేరు."

"మరింకేంది? గుచ్చు."

గ్లోరీ జిల్లా ఆరోగ్యాధికారి మల్లికార్జున్ వైపు చూసింది. ఆయన వాచీ చూసుకున్నాడు. "టార్గెట్ సాయంత్రం అయిదుకు క్లోజ్ అవుతుందమ్మా. గుచ్చెయ్."

హిమోగ్లోబిన్ పదిహేను పాయింట్ రెండు వచ్చింది. వరండా అంతా చప్పట్లు. అది చూసి మహిళా వార్డు మెంబర్ల భర్తలు వరసలోకి వచ్చారు. వాళ్లను చూసి, భార్యలు పనికి పోయిన మిగతా భర్తలూ వచ్చారు. సాయంత్రానికి రెండు వందల పన్నెండు మంది మహిళలకు పరీక్ష పూర్తయింది. పధ్నాలుగుకు తగ్గిన మహిళ ఒక్కరూ లేరు. వాళ్లలో చాలామందికి మీసాలున్నాయి గానీ, ఫారంలో మీసం కోసం ప్రత్యేకంగా గడి ఇవ్వలేదు.

రక్తహీనత లేని ఊరికి రక్తం గోలీలు దేనికి? వచ్చిన జీపులోనే గోలీల పెట్టెలు తిరిగి వెళ్లిపోయాయి.

వారం తర్వాత కోమల గ్లోరీ ఇంటికి పోయి వేలు చాపింది. ఏడు పాయింట్ నాలుగు. గ్లోరీ ఆ అంకెను డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పి, ఆయన మాట విని ఫోన్ పెట్టేసింది.

"వదినా, గిప్పుడు కడుపొస్తే నీ పానానికే మోసం. జర పైలం."

"నాకు ఇద్దరు బిడ్డలు చాలు. ఆపరేషన్ చేయించుకుంట."

"ఏడు ఉంటే ఆపరేషన్ గూడ చెయ్యరు. ముందుగాల గోలీలు మింగి రక్తం పెంచుకోవాలె."

గోలీలేమో జీపెక్కి పోయాయి.

ఎల్లస్వామి ఆలోచన వేరు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధన పోయిందని తెలిసిన రోజే ఆయన గుట్టకు పోయి, కొడుకు పుడితే తలనీలాలిస్తానని నరసింహస్వామికి మొక్కుకుని వచ్చాడు. ఎవరి కడుపున పుట్టాలో ఆ మనిషిని మాత్రం అడగలేదు. సర్పంచ్ తరఫున తీసుకున్న నిర్ణయాల్లో ఇదీ ఒకటి. కోమల ఏడు పాయింట్ నాలుగు సంగతి చెబితే, లామినేషన్ చేయించిన రిపోర్టు తీసి ముందర పెట్టాడు.

"పదిహేను రక్తం ఉన్న మనిషివి. నీకు కండ్లు తిరుగుడేంది?"

కోమలకు ఒళ్లు మండిపోయింది. భయమూ వేసింది. ఆ రోజు నుంచి ఇద్దరు కూతుళ్ల మధ్య పడుకోవడం మొదలుపెట్టింది. ప్రభుత్వ రికార్డును ఇంత ఘోరంగా అవమానించిన సర్పంచ్ రాష్ట్రంలో ఇంకొకరు ఉండరని ఎల్లస్వామి బాధపడ్డాడు.

ఇంతలో మల్లికార్జున్ స్వయంగా ఇంటికొచ్చాడు. 'రక్తపుష్టి గ్రామం' అవార్డు రాతిగూడేనికే. మంత్రిగారు వస్తున్నారు. అదే రోజు కుటుంబ సంక్షేమ క్యాంపు.

"ఇద్దరు పిల్లలు, పదిహేను హిమోగ్లోబిన్, పైగా సర్పంచ్. ఇంతకంటే రోల్‌మోడల్ ఎక్కడ దొరుకుతారు? ఆపరేషన్‌కు ఫస్ట్ పేరు మేడం గారిదే రాశాను. ప్రెస్ మొత్తం వస్తుంది" అన్నాడు.

ఎల్లస్వామి ఇరుకున పడ్డాడు. ఒకవైపు పుట్టబోయే కొడుకు. ఇంకోవైపు మంత్రిగారి చేతిలోని జెడ్పీటీసీ టికెట్. ఇప్పటికి పేరుంటే ఉండనీ, ఆ రోజు జ్వరమని తప్పించొచ్చని సరేనన్నాడు.

"నేను పోత" అంది కోమల తలుపు చాటు నుంచి.

బిక్షమ్మకు బీపీ చూడడానికి వచ్చిన గ్లోరీ అక్కడే ఉంది. "సార్, ఆపరేషన్‌కు ముందు రక్తం చూడాలె గదా."

"చూద్దాం. స్టేజీ మీద మంత్రిగారే గుచ్చుతారు. కెమెరాలకు బాగుంటుంది."

"వదినకు ఏడే ఉన్నది సార్."

మల్లికార్జున్ పెన్నుకు మూత పెట్టేశాడు. స్టేజీ మీద ఏడు వస్తే మిగతా రెండు వందల పదకొండు కాగితాలూ బయటికి తీస్తారు, మీసాలతో సహా. చాలాసేపు ఆలోచించి, అధికారికి తగిన నిర్ణయం తీసుకున్నాడు.

"మేడం రాకూడదు. మొదటి పరీక్షలో రక్తం ఎవరిదో వాళ్లే రావాలి."

"నేనొచ్చి రక్తం ఇస్త. మరి ఆపరేషన్?" అన్నాడు ఎల్లస్వామి.

"మగోళ్లకు ఇంకా అల్కగ అయితదన్నా. పది నిమిషాలు. కుట్లు గూడ ఉండవ్" అంది గ్లోరీ.

బిక్షమ్మ, "నా కొడుక్కా?" అంది.

"అన్నిటికి నువ్వే పోతివి. గీ ఒక్కదానికి నన్ను పొమ్మంటవా?" అంది కోమల.

ప్రోగ్రాం వాయిదా వేయమని ఎల్లస్వామి బతిమాలాడు. వేయొచ్చన్నాడు మల్లికార్జున్. పక్క ఊరి సర్పంచ్ భర్త తయారుగా ఉన్నాడట. ఆయనా జెడ్పీటీసీ టికెటే అడుగుతున్నాడట. ఎల్లస్వామి ఇక వాయిదా మాట ఎత్తలేదు.

క్యాంపు నాడు మంత్రిగారు స్టేజీ మీద ఎల్లస్వామి వేలు గుచ్చి, పదిహేను చూసి, "కోమల గారు ధన్యురాలు" అన్నారు. లోపల ఆపరేషన్ గదిలో డాక్టర్ పద్ధతిగా అడిగాడు: "మీకు ఇష్టమేనా? ఎవరూ బలవంతం చేయలేదు కదా? వద్దనుకుంటే ఇప్పుడే లేచి వెళ్లొచ్చు." ఇన్నాళ్లలో ఆ ఇంట్లో ఎవరినీ ఎవరూ అడగని ప్రశ్నలవి. ఎల్లస్వామి కిటికీలోంచి మంత్రిగారి కాన్వాయ్ చూసి, ఇష్టమేనన్నాడు. అలవాటు కొద్దీ గుండ్రంగా 'కోమల' అని సంతకం చేశాడు. వెనక క్యూ చాలా ఉండటంతో డాక్టర్ దాన్ని చదవలేదు.

తర్వాత అవార్డు. "స్త్రీ ఒంటి మీద స్త్రీకే హక్కు. ఎంతమందిని కనాలో, అసలు కనాలో వద్దో తేల్చుకోవాల్సింది స్త్రీయే" అంటూ మంత్రిగారు ఎల్లస్వామికి శాలువా కప్పారు. ఎల్లస్వామి కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, వినయంగా తల వంచాడు. మర్నాడు పేపర్లో 'ఆపరేషన్ చేయించుకున్న ఆదర్శ సర్పంచ్' అని వార్త వచ్చింది. క్యాంపు రిజిస్టర్‌లో మహిళల వరసలో ఒక అంకె పెరిగింది.

మూడో రోజు గ్రామసభ. ఎల్లస్వామి ఇంట్లో మంచం మీద కదలకుండా పడుకుని, పంచాయతీ మైకు వింటున్నాడు. కార్యదర్శి ప్రేమ్‌సాగర్ చెబుతున్నాడు: "సర్పంచ్ మేడం గారికి ఆపరేషన్ అయింది. డాక్టర్లు విశ్రాంతి రాశారు. కాబట్టి ఈ సభ వాయిదా..."

మధ్యలో కోమల గొంతు వినిపించింది.

"ఆపరేషన్ అయిన మనిషి ఇంట్ల పండుకున్నడు. ఆయన బదులు నేనొచ్చిన."

మైకులో కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. భర్త బదులు భార్య రాకూడదని రిజిస్టర్‌లో ఎక్కడా ఉన్నట్టు లేదు. కుర్చీ జరిపిన చప్పుడైంది.

"గ్లోరీ, సూదులు తే. ముందుగాల నా వేలు గుచ్చు. మొగోళ్లు జర అవతలికి జరగుండ్రి."

కొంతసేపటికి ప్రేమ్‌సాగర్ ఏడు పాయింట్ ఒకటి అని చదివాడు. తర్వాత ఇంకో పేరు, ఆరు పాయింట్ తొమ్మిది. ఆ తర్వాత ఇంకో పేరు. ఎల్లస్వామి లేవబోయి, లేవలేక, జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాడు. కొత్త గుమాస్తా ఎవరో ఎత్తాడు.

"సార్, మా ఊర్ల సభ నడుస్తాంది. జర్ర ఆపించుండ్రి."

"ఎవరు మాట్లాడేది?"

"రాతిగూడెం సర్పంచ్‌ను."

"సర్పంచ్ గారు పొద్దున్నే ఫోన్ చేశారండీ, ఆడమనిషి. గోలీల పెట్టెలు పంపమన్నారు, పంపాం. మీరెవరు?"

ఎల్లస్వామి తన పేరు చెప్పాడు. గుమాస్తా రాతిగూడెం ఫైలు తెప్పించి, మొదటి నుంచి చివరిదాకా ఓపికగా చూసి, ఆ పేరు ఎక్కడా లేదన్నాడు.