టక్ మనని కెమెరా

ఆ ఆదివారం పొద్దున అల్లుడు చేయాల్సిన పనులు ఇవి. బ్యాటరీలు ఛార్జింగ్‌కి పెట్టడం. హాల్లో బట్టలారేసే స్టాండు మడిచి మంచం కిందకి తోయడం. గోడ మీది క్యాలెండరు తీయడం. సోఫా కవరు తిరగేసి మరకలేని వైపు పైకి తేవడం. కొత్తగా తెప్పించిన లైటు బిగించడం. అత్తగారిని నవ్వించడం. మొదటి ఐదూ అతను అనుకున్నవి. ఆరోది భార్య టీ గ్లాసు చేతికిస్తూ చెప్పింది.

"మిగతావి అయినా కాకపోయినా ఫరవాలేదు. అది మాత్రం అవ్వాలండీ" అంది.

అందుకు కారణం ఎదురుగోడ మీదే ఉంది. మామగారు పోయి రెండేళ్లయింది. నలుగురిలో కూర్చుంటే ముందు ఆయన నవ్వు వినిపించి, తర్వాత మనిషి కనిపించేవాడు. గోడ మీద మాత్రం పింఛను కాగితాల కోసం తీయించుకున్న ఫోటోని పెద్దది చేయించగా వచ్చిన ముఖమే మిగిలింది, ఎవరి దొంగతనానికో సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు. ఇల్లంతా వెతికినా ఆయన నవ్వు ఒక్క ఫోటోలోనూ దొరకలేదు. "నాన్న ఎలా నవ్వేవారో కొన్నాళ్లకి నాకే గుర్తుండదు. అమ్మదైనా ఉండాలి" అని భార్య ఒకసారి అంది. ఒక్కసారే అంది. పదిసార్లు అని ఉంటే అల్లుడు మర్చిపోయేవాడే.

అల్లుడు ఒక ఆఫీసులో లెక్కల గుమస్తా. వారమంతా అంకెలు చూసి, ఆదివారం కెమెరాలోంచి చూసేవాడు. అతని పాత కెమెరాలో ఒక అద్దం ఉండేది. నొక్కగానే అది లేచి పడి టక్ మనేది. పక్కింటివాళ్లకి కూడా ఫోటో తీసినట్టు తెలిసేది. దాన్ని అమ్మి ఈ మధ్యనే కొత్తది కొన్నాడు. దీంట్లో అద్దం లేదు, తెరుచుకుని మూసుకునే తలుపూ లేదు. నొక్కిన సంగతి నొక్కినవాడికే అనుమానం. అతనిలాంటి ఆదివారం ఫొటోగ్రాఫర్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో అందరూ దాన్ని తెగ మెచ్చుకున్నారు. కొమ్మ మీద పిట్ట ఎగిరిపోదన్నారు, ఉయ్యాల్లో పసిబిడ్డ లేవదన్నారు. అత్తగార్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కెమెరా కొన్నాక ఇంట్లో అతనికి మిగిలిన మర్యాద చవక సామానుకే సరిపోయింది. కెమెరా నిలబెట్టే స్టాండు చవకది. దాని మెడ ఎంత బిగించినా నిద్రొచ్చిన మనిషిలా మెల్లగా ముందుకి వాలుతుంది. లైటు ఇంకా చవకది.

తొమ్మిదయ్యేసరికి అత్తగారు కొడుకుతో దిగింది. బావమరిది ఫోన్లు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. స్టాండునీ, లైటునీ, వైర్లనీ చూసి సానుభూతిగా తల ఊపాడు.

"బావా, నువ్వు ఇవన్నీ బిగించేలోపు నా ఫోను నాలుగు తీసి, నున్నగా చేసి, చుట్టాలందరికీ పంపేసేది."

"నున్నగా చేయడం దేనికిరా? మీ అమ్మ ముఖం మీ అమ్మదిలా ఉండొద్దా?"

"ఉంటే నీకేగా కష్టం" అన్నాడు బావమరిది.

అత్తగారు గంజి పెట్టిన చీరలో వచ్చి సోఫా మధ్యలో కూర్చుంది. ఆవిడకి ఫోటో దిగడమంటే ఒక పద్ధతుంది. చిన్నప్పుడు స్టూడియోలో నేర్పినది. గడ్డం పైకి, చేతులు మోకాళ్ల మీద, ఊపిరి లోపల. టక్ మనేదాకా ఏదీ కదలకూడదు. కూతురు ఒక పక్కా, కొడుకు ఒక పక్కా కూర్చున్నారు. అల్లుడు లైటు వేసి నొక్కాడు.

కెమెరా వెనక తెర మీద చూస్తే ముగ్గురి మీదా అడ్డంగా నల్లచారలు. చవక లైటు మన కంటికి తెలియకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఈ కెమెరా ఏమో బొమ్మని పైనుంచి కిందికి వరుసలు వరుసలుగా చదువుకుంటూ వస్తుంది. ఆరినప్పుడు చదివిన వరుసలన్నీ చారలు.

బావమరిది లేచొచ్చి చూశాడు. "అమ్మని జైల్లో పెట్టావేంటి బావా. ఊచలు కూడా సమంగా పడ్డాయి."

లైటు ఆర్పేశారు. వెలుతురు కోసం సోఫాని కిటికీ దగ్గరికి, పడగ్గది గుమ్మం కర్టెన్‌కి ముందుగా జరిపారు. కిటికీ వెలుగు సోఫాలో ఇద్దరు కూర్చునే మేరకే పడింది. అత్తగారూ కూతురూ కూర్చున్నారు. గడ్డం లేచింది, ఊపిరి ఆగింది. అల్లుడు నొక్కాడు.

"అయిపోయింది అత్తయ్యగారూ. ఇప్పుడు కొంచెం నవ్వండి, ఇంకోటి తీద్దాం."

అత్తగారు కదల్లేదు. పెదాలు తెరవకుండానే, "ఏదీ, టక్ మనలేదే" అంది.

"ఇది అనదండీ. కొత్తరకం."

అనకుండా ఫోటో ఎలా పడుతుందో ఆవిడకి అర్థం కాలేదు. అల్లుడు మొహమాటానికి అంటున్నాడనుకుని అలాగే బిగుసుకుని కూర్చుంది. అంతలో స్టాండు మెడ వాలి కెమెరా నేలని చూడసాగింది. అతను దాన్ని ఎత్తి మర తిప్పుతుంటే, పాపం ఆవిడ ఊపిరి బిగబట్టే ఉంది. అతను తలెత్తేసరికి అత్తగారి ముఖం కందిపోయి, కళ్లు తేలేసి, మనిషి మెల్లగా కూతురి భుజం మీదకి ఒరిగింది.

భార్య కేకేస్తే కింది వాటా కాంపౌండరు బీపీ మిషను పట్టుకుని పైకొచ్చాడు. పట్టీ చుట్టి, గాలి కొట్టి, గొట్టం చెవిలో పెట్టుకుని విన్నాడు.

"కొంచెం ఎక్కువే ఉంది. ఏం చేస్తున్నారమ్మా?"

"ఫోటో దిగుతున్నాను నాయనా."

"కూర్చునేగా?"

"కూర్చునే."

కాంపౌండరు తన అనుభవంలో ఇలాంటిది చూడలేదన్నట్టు స్టాండు వంక చూసి, కాసేపు పడుకోబెట్టమని చెప్పి దిగిపోయాడు. మెట్ల దగ్గర ఎవరో ఏమైందని అడిగితే ఉన్నమాటే చెప్పాడు. పెద్దావిడకి బీపీ పెరిగింది, పైన ఫోటో తీస్తున్నారు. రెండూ నిజాలే. కాకపోతే పక్కపక్కన పెడితే మూడో అర్థం పుట్టే నిజాలు. అవి వీధి మలుపు తిరిగేసరికి, పెద్దావిడకి ఏం బాగాలేదు, ఆఖరి ఫోటో తీయించుకుంటున్నారు అన్నదాకా వెళ్లాయి. ఆ మలుపు అవతలే పిన్నిగారిల్లు. అంటే అత్తగారి చెల్లెలు.

పైన ఇదేమీ తెలియదు. అల్లుడు కెమెరాలో శబ్దం పెట్టుకునే మీట వెతికి పట్టుకున్నాడు. అది కీచుమంది. లేచి కూర్చున్న అత్తగారు విని, "ఏదో బ్యాటరీ అయిపోయినట్టుంది, చూడు బాబూ" అంది. అతను గ్రూపులో అడిగాడు. 'చప్పుడు లేని కెమెరాకి చప్పుడు రావాలంటే ఏం చేయాలి?' నిమిషంలో సమాధానాలు కుప్పలు పడ్డాయి. పాత కెమెరా అమ్మి తప్పు చేశావని ఒకరు. చవక లైటు కొన్నప్పుడే చెప్పానని ఇంకొకరు. రీలు రోజులే రోజులని ఒక పెద్దాయన. ఆయన్ని కాదన్నందుకు ఇద్దరు కొట్టుకుని గ్రూపులోంచి వెళ్లిపోయారు. అడిగినదానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అల్లుడు ఫోను బోర్లా పెట్టేశాడు.

"నా ఫోనులో ఉంది బావా ఆ చప్పుడు" అన్నాడు బావమరిది గొంతు తగ్గించి. "వెనక నుంచి నేను మోగిస్తా. అచ్చం పాతదే."

మోగించాడు. చప్పుడు వచ్చింది. దాని వెనకే ఫోను రింగయింది. అతను కట్ చేశాడు. మళ్లీ చప్పుడు, మళ్లీ రింగు.

అత్తగారు కెమెరా వైపు భయంగా చూసింది. "దీనికి ఫోన్లు కూడా వస్తాయా?"

"ఎవర్రా అది?" అంది అక్క.

"పిన్ని. తర్వాత చేద్దాంలే" అని బావమరిది ఫోను ఆపేశాడు. అవతల పిన్నిగారికి మొదట కట్ అయింది, రెండోసారీ కట్ అయింది, మూడోసారి స్విచాఫ్ అని వచ్చింది. ఇక ఆవిడకి ఏ అనుమానమూ మిగల్లేదు.

భార్య బడిలో పంతులమ్మ. పరీక్ష పేపర్లు దారంతో కట్టడానికి ఇంట్లో ఇనుప పంచింగ్ మిషను ఉంది. ఇద్దరినీ వంటింట్లోకి పిలిచి, దాన్ని నొక్కి చూపించింది. టక్ మంది. బరువుగా, నమ్మకంగా, గవర్నమెంటు చప్పుడులా ఉంది.

"ఇదే" అన్నాడు అల్లుడు. "కానీ అత్తయ్యగారికి కనపడకూడదు. నువ్వు కర్టెన్ వెనక నిలబడరా. నేను దగ్గుతాను. నువ్వు నొక్కు."

"మరి ఫోటోలో నేనో?"

"ముందు మీ అమ్మది కానీ. తర్వాత నిన్ను కూర్చోబెట్టి ఇంకోటి తీస్తా."

"ఫోన్లు అమ్మేవాణ్ణి, కర్టెన్ వెనక పంచింగ్ మిషను పట్టుకుని నిలబడ్డానని బయట తెలిస్తే మా ఓనరు ఉద్యోగంలో ఉంచడు బావా."

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది, పో."

అతను వెళ్లాడు. గడ్డం లేచింది, చేతులు మోకాళ్ల మీదకి చేరాయి, ఊపిరి ఆగింది. అల్లుడు దగ్గాడు. కర్టెన్ వెనక టక్ మంది. అల్లుడూ నొక్కాడు. అత్తగారు సంతృప్తిగా ఊపిరి వదిలింది.

"హమ్మయ్య. ఇలా తీయాలి" అంది.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు తోసుకుని పిన్నిగారు లోపలికొచ్చింది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. చేతిలో సంచీ ఉంది. గుమ్మంలో అడుగుపెడుతూనే "అక్కా" అని ఎత్తుకోబోయి, సోఫాలో గంజి చీరతో నిటారుగా ఉన్న అక్కని చూసి ఆ రాగం సగంలో ఆపేసింది.

అత్తగారు చెల్లెల్ని కింద నుంచి పైదాకా చూసింది. "ఏమే, పోయానని వచ్చావా, పోతానని వచ్చావా?"

"పోయావనే వచ్చానక్కా. ఆఖరి ఫోటో అన్నారు. మీవాడు ఫోను కూడా ఆపేశాడు."

"మరి ఆ సంచీలో ఏంటి?"

పిన్నిగారు సంచీ వంక అప్పుడే చూసినట్టు చూసింది. "బత్తాయిలు."

"పోయినదానికి బత్తాయిలెందుకే?"

"ఒకవేళ పోకపోతే తింటావని."

అత్తగారు నవ్వింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గంజి చీర నలిగింది, తర్వాత మనిషి వెనక్కి వాలిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాలని కూడా గుర్తులేకుండా నవ్వింది. పక్కన కూతురికి కూడా ఆగలేదు. అల్లుడి వేలు మీట మీదే ఉండిపోయింది. ఎన్ని తీశాడో అతనికే తెలియదు. కెమెరా ఒక్క మాట కూడా అనలేదు.

మధ్యాహ్నం బత్తాయిలు వలుచుకుంటూ అందరూ కంప్యూటరు ముందు చేరారు. నవ్వు ఫోటో తెర మీదకి రాగానే భార్య చేతిలో తొన పట్టుకుని అలాగే ఉండిపోయింది. అల్లుడు ఆమె ముఖం చూసి, ఇన్నాళ్లకి ఒక పని పూర్తి చేశాననుకున్నాడు.

"అది తీసెయ్ బాబూ" అంది అత్తగారు. "నోరంతా తెరిచి, పన్ను ఊడిన సందు కనిపిస్తోంది. ముందరిది పెట్టు. ఆఁ, ఇదీ. మర్యాదగా ఉంది. గోడకి ఇదే."

"అమ్మా, ఆ నవ్విందే బాగుందమ్మా" అంది కూతురు. "నాన్నది ఎలాగూ ఒక్కటీ లేకపాయె."

"ఎందుకు లేదూ? పింఛను ఫోటో రోజున స్టూడియో అతను ఏదో అంటే మీ నాన్న పగలబడి నవ్వారు. అదీ పడింది. రెండూ చేతిలో పెట్టాడు."

కూతురు చేతిలో తొన పళ్లెంలో పెట్టేసింది.

"ఎక్కడుందమ్మా అది?"

"ఎక్కడుంటుంది. ఇంత సంతోషంగా ఉన్నవాడికి పింఛను ఎవడిస్తాడని అక్కడే చింపేశారు."

భార్య గోడ మీది తండ్రి వంక చాలాసేపు చూసింది. ఇన్నాళ్లూ కెమెరా ముందు ఎవరూ నవ్వించలేదని ఆమె బాధపడింది ఆయన కోసం. ఆయనేమో నవ్వి, చూసుకుని, వద్దనుకుని వచ్చాడు. చివరికి ఆమె కూడా మెల్లగా నవ్వింది. "ఏమండీ, నవ్విందాన్ని చిన్నది చేయించండి, నా హ్యాండ్‌బ్యాగులో పట్టేంత. అమ్మకి చెప్పకండి" అంది, అమ్మ పక్కనే ఉండగా.

"మరి నా ఫోటో బావా?" అన్నాడు బావమరిది.

"ఎండ పోయిందిరా. వచ్చే ఆదివారం."

ఆ ఆదివారం ఇంకా రాలేదు. మర్యాదగా ఉన్న ఫోటో ఫ్రేము కట్టి మామగారి పక్కనే తగిలించారు. మామగారూ అత్తగారూ ఒకే కేసులో సాక్షుల్లా ఉన్నారు. చూసినవాళ్లందరూ బాగుందనే అంటున్నారు. కొంచెం దగ్గరికెళ్లి చూస్తే, సోఫా కాళ్ల సందులోంచి, అత్తగారి వెనక కర్టెన్ కింద పది కాలివేళ్లు కనిపిస్తాయి. మీరెప్పుడైనా ఆ ఇంటికి వెళ్తే, అవి ఆవిడ ఒక్కగానొక్క కొడుకువని దయచేసి గుర్తుపెట్టుకోండి. అల్లుడికి ఆ ఫోటోలో కాలివేళ్లకి కూడా చోటు దొరకలేదు గనక, వీలైతే అతన్ని కూడా.