లైసెన్సు లేని అత్తగారు

ఆకాశం అందరిదీ. అందులో ఎగిరే సీరియళ్లు మాత్రం చందా కట్టినవాళ్లవి. ఈ సంగతిని ప్రసార సంకేతాల స్వీకరణ నియంత్రణ శాఖ నూట నలభై పేజీల్లో విశదంగా వివరించింది (నూట నలభై ఒకటో పేజీ తప్పొప్పుల పట్టిక).

ఆ శాఖ ఇన్‌స్పెక్టరు ఒక మధ్యాహ్నం దర్జీ కొట్లోకి వచ్చేసరికి, దర్జీ ప్యాంటు అంచు మడుస్తున్నాడు. మూలన ఆయన అత్తగారు చొక్కాకు కాజాలు కుడుతూ టీవీ చూస్తోంది. తెర మీద బొమ్మ లేదు. అడ్డగీతలు, వంకర్లు, మధ్యమధ్య గరగర. చందా కట్టనివాళ్లకు ఆ చానల్ అలా కలగాపులగంగానే వస్తుంది.

"ఈ వీధిలో ఒక్కరికీ చందా లేదు. అయినా నిన్నటి సీరియల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. బొమ్మను సరిచేసే డబ్బా ఎక్కడ దాచారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇక్కడున్నవి రెండు డబ్బాలు సార్. ఒకటి బొత్తాలది, ఒకటి సూదులది," అన్నాడు దర్జీ.

ఇన్‌స్పెక్టరు రెండూ తెరిచి చూశాడు. టీవీ చట్టబద్ధమే. యాంటెన్నా చట్టబద్ధమే. సంకేతం తనంతట తానే వచ్చి ఇంట్లో పడితే అదీ తప్పు కాదు. అర్థం చేసుకుంటేనే నేరం.

"అయ్యయ్యో! పెద్ద కోడలు ఉత్తరం చింపేసింది!" అంది అత్తగారు, గీతల మీంచి చూపు తిప్పకుండా.

ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు. "మీకెలా తెలిసింది?"

"ఎడంపక్క గీత వణికిందంటే కోడలు ఏడుస్తున్నట్టు. గరగర ఆగిందంటే మామగారొచ్చినట్టు. ఆయన ముందు ఎవరూ నోరెత్తరుగా! ఏడు నెలలుగా చూస్తున్నా, ఆమాత్రం తెలీదా బాబూ?"

"ఉత్తరంలో ఏముంది?" ఆఫీసు గొంతుతోనే అడుగుతూ ఇన్‌స్పెక్టరు స్టూలు లాక్కున్నాడు.

సీరియల్ అయ్యాక కళ్లు తుడుచుకుని జప్తు ఫారం తీశాడు. పరికరం: అత్తగారు. ఎత్తు: ఐదడుగులు (కొలత దర్జీ టేపుతో). గోదాములో ఉంచాల్సిన గడువు: ఆరు నెలలు.

"ఆరు నెలలా?" అన్నాడు దర్జీ. ఆ గొంతులో పలికింది పూర్తిగా దుఃఖమే అని ప్రమాణం చేసి చెప్పలేం.

కానీ అత్తగారి చేతిలో సూది ఆగిపోయింది. ఆమె సగం కుట్టిన కాజా వైపు చూస్తూ కూర్చుంది. దర్జీ కత్తెర బల్ల మీద పెట్టి లేచాడు.

"ఆవిడ్ని తీసుకెళ్లడానికి వీల్లేదు సార్. కాదూ కూడదంటే నన్నూ రాసుకోండి. నా ఎత్తు ఐదున్నర."

ఫారంలో ఒక్క పరికరానికే చోటుంది. ఇన్‌స్పెక్టరు చాలాసేపు నిబంధనల పేజీలు తిరగేసి, చివరికి హామీపత్రం ఒకటి బయటికి తీశాడు. ఇకమీదట టీవీ చూస్తాను గానీ అర్థం చేసుకోనని అందులో నాలుగు పేజీల పొడవున రాసుంది.

అత్తగారు కళ్లజోడు సవరించుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, బాబూ."

ఇన్‌స్పెక్టరు మొహం వెలిగిపోయింది. "చట్టం కోరేదీ అదేనమ్మా. ఇక్కడ సంతకం పెట్టండి."