దర్జీ కడుపులో రాయి, మంత్రిగారి బాధ్యత

ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఇకపై ఏ లోపం జరిగినా పూర్తి బాధ్యత తనదేనని ఆరోగ్య మంత్రిగారు మైకులో ప్రకటించారు. ప్రకటించి ఊరుకునే మనిషి కాదాయన. ఆ బాధ్యత కింద అక్కడికక్కడే సూపరింటెండెంటును తొలగించారు.

మగవాళ్ల వార్డు కిటికీలోంచి ఈ మాట విన్న దర్జీకి ప్రాణం లేచొచ్చింది. పిత్తాశయంలో రాయితో అతను ఆ మంచం మీద పడి చాలా కాలమైంది. నాలుగు మెతుకులు తింటే చాలు, కడుపు మెలిపెట్టేస్తోంది. కొట్టు మూతపడింది. బట్టలు కుట్టడానికిచ్చినవాళ్లు ఇంటికొచ్చి భార్యను నిలదీస్తున్నారు. ఆపరేషన్ జరగడం లేదని పేపర్లో అతని ఫొటో పడబట్టే మంత్రిగారికి అంత కోపం వచ్చింది. రేపు పొద్దున్నే చేసేద్దామని సర్జన్ కూడా మాటిచ్చారు.

పొద్దున్న సర్జన్ రాలేదు. ఆసుపత్రిలో అందరికంటే చెయ్యి తిరిగిన డాక్టరెవరని మంత్రిగారు వాకబు చేసి, ఆయన్నే సూపరింటెండెంటుగా వేశారు. సూపరింటెండెంటు ఆపరేషన్లు చేయకూడదు, సమీక్షా సమావేశాలకు వెళ్లాలి. ఆయన వెళ్లారు, ఆపరేషన్లు ఆగాయి. ఆగినందుకు మంత్రిగారు ఏమాత్రం వెనకాడకుండా మళ్లీ పూర్తి బాధ్యత వహించి, సర్జన్‌ను తీసేసి హెడ్డాఫీసుకు పంపారు.

మత్తు డాక్టరమ్మ చాలా మంచావిడ. పక్క ఆసుపత్రి నుంచి సర్జన్‌ను అరువు తెస్తానని దర్జీకి ధైర్యం చెప్పారు. అన్న ప్రకారం అరువు సర్జన్ వచ్చాడు. అప్పటికే డాక్టరమ్మ సూపరింటెండెంటు అయి మీటింగులో ఉన్నారు. మత్తిచ్చేవాళ్లు లేక అతను టీ తాగి వెళ్లిపోయాడు. డాక్టరమ్మ కూడా హెడ్డాఫీసుకు వెళ్లారు.

పేపర్లు మళ్లీ రాశాయి. ఈసారి మంత్రిగారు కెమెరాలతో స్వయంగా వార్డుకొచ్చి దర్జీ మంచం పక్కన కూర్చున్నారు.

"పెద్దాయనా, ఈ ఆసుపత్రి కష్టాలు మీకంటే బాగా తెలిసినవాళ్లున్నారా?"

"లేరండీ. పడుతోంది నేనే కదండీ."

"రాసుకోవయ్యా," అన్నారు మంత్రిగారు పీఏతో.

సాయంత్రానికి దర్జీ సూపరింటెండెంటు అయ్యాడు. ఇంతటి ప్రజాపాలన ఎక్కడా లేదని మంత్రిగారి అనుచరులు కళ్లు తుడుచుకున్నారు. సూపరింటెండెంటుకు వార్డులో మంచం ఉండదు కనుక అతణ్ని డిశ్చార్జి చేశారు.

"ఏమండీ, ఇప్పుడు మీ ఆపరేషన్ గురించి ఎవర్నడగాలి?" అంది భార్య.

"నన్నే," అన్నాడు దర్జీ. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

కుర్చీలో కూర్చున్న మరుక్షణం అతను తన ఆపరేషన్‌కు తానే అనుమతి ఇచ్చుకున్నాడు. చేసేవాళ్లు లేరు. వారం తిరక్కుండానే, పాపం ఆ దర్జీకి ఇంకా ఆపరేషన్ కాలేదని పేపర్లు దుమ్మెత్తిపోశాయి. మంత్రిగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. పేదవాడి ప్రాణాలతో చెలగాటమాడితే ఎంతటివాణ్నయినా ఉపేక్షించేది లేదంటూ పూర్తి బాధ్యత వహించి, సూపరింటెండెంటును తొలగించారు.

హెడ్డాఫీసులో, తీసేసినవాళ్లు కొత్త పోస్టింగు కోసం కూర్చునే గది ఒకటుంది. దర్జీ కడుపు పట్టుకుని లోపలికి వెళ్లేసరికి బెంచీ మీద సర్జన్, మత్తు డాక్టరమ్మ కనిపించారు. సర్జన్ అలవాటుకొద్దీ కడుపు నొక్కి చూసి, ఇంక ఒక్కరోజు కూడా ఆగడానికి వీల్లేదన్నారు. తాను ఖాళీగానే ఉన్నానని డాక్టరమ్మ అన్నారు. ముగ్గురూ గది నాలుగు గోడలూ చూశారు.

అంతలో తలుపు తీసుకుని థియేటర్ నర్సు వచ్చింది. నిన్న వేసి, ఇవాళ తీసేశారట. ముగ్గురూ సర్దుకుని ఆమెకు చోటిచ్చారు.

"మరి ఆసుపత్రిలో ఎవరున్నారమ్మా?" అని దర్జీ అడిగాడు.

"మంత్రిగారున్నారండీ. కొత్త ఆపరేషన్ థియేటర్‌కి రిబ్బన్ కత్తిరిస్తున్నారు."