ఆష్‌బర్న్ తెలుగు మృగయా సమితి తొలి వేట

వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్, తత్పరిసర ప్రాంతాల తెలుగువారికి తెలియజేయడమేమనగా, ఈ ఏడాది కార్తీక వనభోజనాలతో పాటు జింకల వేట కూడా జరుపబడును. శాకాహారులకు ప్రాధాన్యం ఇవ్వబడును. తుపాకీ ఎవరిది వారే తెచ్చుకోవలెను. పులిహోర సమితి వారిది.

ఈ ప్రకటన వాట్సాప్ గ్రూపులో పడిన రోజున ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. పులిహోరలో వేరుశెనగలా జీడిపప్పా అని మాత్రం ఇద్దరు అడిగారు. అంతకుముందే వేట మన సంస్కృతిలో భాగమైపోయింది. ఎప్పటి నుంచి అంటారా? సెప్టెంబరు నుంచి.

సెప్టెంబరులో ఒక డేటా సెంటర్ కంపెనీలో గ్లెన్ అనే మేనేజర్ తన టీమ్‌ని కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పాడు. ఏడాది చివరికి టీమ్‌లో ఒక ఉద్యోగం తగ్గవచ్చన్నది మొదటి మాట. నవంబరులో వేట సీజన్ మొదలవగానే తను కొండల అవతల తన పొలంలో ఉంటాననీ, సరదా ఉన్నవాళ్లు రావచ్చనీ రెండో మాట. రెండింటి మధ్యా ఆయన కాఫీ కూడా తాగాడు. కానీ మనవాళ్లు ఆ రెండు మాటల్నీ కలిపి ఒకే వాక్యంగా చదువుకున్నారు. జింకను కొట్టినవాడు ఉంటాడు, కొట్టనివాడు పోతాడు. మేనేజరు తుమ్మినా అందులో పాలసీ వెతికే జాతి మనది. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు.

ఆ టీమ్‌లో తెలుగువాళ్లు ఇద్దరు. చక్రపాణి, తేజేశ్వర్. ఇద్దరూ వీసా మీదే ఉన్నారు. చక్రపాణికి ఇల్లుంది, ఇంటి మీద అప్పుంది, హైస్కూల్లో చదివే కూతురు ఆద్య ఉంది, గ్రీన్‌కార్డు క్యూలో ఆద్య మనవల నాటికి వచ్చే నంబరుంది. ఉద్యోగం పోతే రెండు నెలల్లో ఇవన్నీ పెట్టెల్లో సర్దుకోవాలి. ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వని మనిషి వేటగాడు కావడానికి ఇంతకంటే బలమైన కారణం పురాణాల్లో కూడా దొరకదు.

ఇక్కడ అమెరికా ప్రభుత్వ వివేకాన్ని మెచ్చుకోవాలి. వీసా మీద ఉన్నవాడు తుపాకీ ఉంచుకోవడం మామూలుగా నేరం. అయితే వేట లైసెన్సు ఉంటే ఉంచుకోవచ్చు. దొంగ వస్తే కాల్చగల నమ్మకస్తుడు కాదుగానీ, జింక వస్తే కాల్చగల నమ్మకస్తుడే అన్నమాట. ఆ లైసెన్సుకు ముందు ఒక క్లాసు, ఒక పరీక్ష ఉన్నాయి. పరీక్ష అనగానే మనవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఇద్దరూ కడుతున్నారని తెలిసి, తమ మేనేజరు ఎప్పుడేమంటాడోనని గ్రూపంతా కట్టింది. వారం తిరక్కుండా ప్రశ్నలూ జవాబులూ గ్రూపులో తిరిగాయి. అందరికీ నూటికి నూరు. జింకకూ మేకకూ తేడా తెలియనివాళ్లు కూడా అందులో ఉన్నారు, కానీ ఆ ప్రశ్న పరీక్షలో రాలేదు.

తర్వాత తుపాకీలు వచ్చాయి. షాపులో కొన్న తుపాకీని కొన్నట్టే వాడటం అనాగరికమని మనవాళ్లు వెంటనే గ్రహించారు. చక్రపాణి మొదట గొట్టం మార్చాడు. గొట్టం మారితే ట్రిగ్గరు పాతదిగా కనిపించింది, అదీ మార్చాడు. భుజానికి ఆనించే చెక్క తీసేసి, కొలతలిచ్చి ఫైబరుది చేయించాడు. చెంప ఆనే చోట మెత్తటి దిండు, రెండు కాళ్ల స్టాండు, గురి చూడటానికి ఫోనుతో మాట్లాడే స్కోపు. ఆ స్కోపుకు నెలనెలా అప్‌డేట్లు. తుపాకీ మీద "అమ్మ దీవెన" అని తెలుగులో చెక్కించాడు. చెక్కిన అమెరికన్ అదేదో ప్రమాద హెచ్చరిక అనుకుని ఎర్రరంగు పూశాడు.

ఇంత చేసినా తుపాకీ ఒక్కసారి కూడా పేల్చలేదు. భాగం మార్చినప్పుడల్లా అది కొత్తదవుతుంది. కొత్త వస్తువును పూజ కాకుండా వాడకూడదు.

తేజేశ్వర్ ఊరుకుంటాడా! ఆఫీసు పార్కింగులో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఏమన్నా, నీ రైఫిల్ ఎంత బరువుంది? జిమ్‌కి పోవుడు బంద్ చేసినవంట!" అన్నాడు తేజేశ్వర్. "నాది ఫుల్ కార్బన్ ఫైబర్. చంటిపిల్లగాన్ని ఎత్తుకున్నట్టే ఉంటది."

"తేలికేలే తమ్ముడూ, నీ కోడ్ లాగే. గాలొస్తే ఎగిరిపోద్ది."

"నీ కోడ్ లెక్క బరువుంటే జింక నవ్వి చస్తది, కాల్చే పనే లేదు."

అంత స్నేహంగా ఉండేవారు.

తూటా సైజు దగ్గర సమితి రెండుగా చీలింది. ఆరున్నర మిల్లీమీటర్లే శాస్త్రీయమని ఒక వర్గం, పాయింటు మూడు సున్నా ఎనిమిది అంగుళాలే సంప్రదాయమని ఇంకో వర్గం. ఇది పూర్తిగా సాంకేతికమైన అభిప్రాయభేదం. కులంతో ఏ సంబంధమూ లేదు. ఎవరిది ఏ తూటానో ఇంటిపేరు చూసి చెప్పేయగలగడం కేవలం యాదృచ్ఛికం.

ఇంట్లో పరిస్థితి వేరు. చక్రపాణి భార్య పద్మజకు జింకల మీద ఎప్పటి నుంచో కోపం ఉంది. పెరట్లో పెంచుకున్న గోంగూరంతా ఏటా అవే తినిపోతాయి. అయినా చంపడానికి ఆమె ఒప్పుకోలేదు.

"ఏవండీ, ఒక ప్రాణం తీసి ఉద్యోగం నిలబెట్టుకుంటే, ఆ జీతంతో దేవుడికి నైవేద్యం ఎలా పెట్టనూ?"

"నేను కాల్చనే పిచ్చిదానా! కాలుస్తున్నట్టు కనిపిస్తానంతే. పదేళ్ల నుంచి ఆఫీసులో చేస్తున్నది అదేగా!"

"నాన్నా, బాత్‌రూమ్‌లో స్పైడర్ వస్తే యూ కాల్ అమ్మ," అంది ఆద్య, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

బట్టల విషయంలో మాత్రం భార్యాభర్తలకు గొడవ రాలేదు. ఆకుల బొమ్మలున్న ఆ వేట దుస్తులు మైలవనీ, గుమ్మం దాటి లోపలికి రాకూడదనీ పద్మజ చెప్పింది. ఇంట్లోని ఇంగువ, అగరొత్తుల వాసన తగిలితే జింక మైలు దూరం పారిపోతుందనీ, వేట దుస్తులు గుమ్మం దాటి లోపలికి పోకూడదనీ యూట్యూబులో వేట పాఠాలు చెప్పే ఒక గడ్డపాయన చెప్పాడు. మడి, సైన్సు ఒకటేనని మనం చిన్నప్పటి నుంచి వింటున్నది ఈ విధంగా రుజువైంది. బట్టలు గరాజులో వేలాడాయి.

వాటి పక్కనే అరలో రెండు సీసాలు. ఒకటి ఇండియన్ స్టోరులో కొన్న గోమూత్రం. గృహప్రవేశం నాటి నుంచి ఇంట్లో ఉంటోంది. రెండోది ఆడ జింక మూత్రం. అసలుది వేటలో వాడటం ఈ రాష్ట్రంలో నిషిద్ధం కనుక, ఫ్యాక్టరీలో తయారైన నకలు. ఆ వాసనకు మగ జింక ఎంత దూరం నుంచైనా వస్తుందట. రంగులో రెండింటికీ తేడా లేదు. పవిత్రతలో ఉన్న తేడా సీసా పైనుంచి కనపడదు.

వేటకు ముందురోజు సాయంత్రం పద్మనాభం గారి బేస్‌మెంటులో ఆయుధపూజ జరిగింది. పద్మనాభం గారు సమితి అధ్యక్షులు. అదే కంపెనీలో గ్లెన్‌కు పైన, ఆ పైన ఉండే డైరెక్టరు కూడా. అంత పెద్దవారైనా బేస్‌మెంటు ఉచితంగా ఇచ్చారు.

తుపాకీలన్నింటికీ పసుపు రాశారు, బొట్లు పెట్టారు. కొత్త కారు చక్రాలకు పెట్టినట్టు తుపాకీ మడమల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. చివర్లో పంతులుగారు శుద్ధికి గోమూత్రం అడిగారు. చక్రపాణి సంచిలోంచి సీసా తీసి ఇచ్చాడు. పంతులుగారు మూత తీసి తల పక్కకు తిప్పారు.

"కాస్త ఘాటుగా ఉందేమిటండీ?"

"ఒరిజినల్ అండీ పంతులుగారూ. మామూలు చోట దొరకదు."

మామిడాకుతో అందరి మీదా చల్లారు. పూజకు కూర్చున్నవాడు కనుక చక్రపాణికి ఎక్కువ పాళ్లు తగిలింది. పూజలో పెట్టిన అతని వేట జాకెట్టు, బూట్లు తడిసేదాకా చల్లారు. పద్మనాభం గారు పట్టు కండువా సర్దుకుని, ఒక చుక్క అరచేతిలో వేయించుకుని, కళ్లకద్దుకుని, పుచ్చుకున్నారు. తర్వాత ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! వేట మన రక్తంలో ఉంది. మన పూర్వీకులు రాజులు కాకపోవచ్చు. రాజులు వేటకు వెళ్తే గుర్రాల వెనకాల నడిచినవారు. నడక కూడా వేటలో భాగమే! కార్తీక మాసంలో వేటేమిటని కొందరు అడుగుతున్నారు. కార్తీకంలో తినొద్దన్నారు పెద్దలు, కాల్చొద్దని ఎక్కడా అనలేదు. కాల్చినది గ్లెన్ గారు తింటారు. పుణ్యం మనకు, మాంసం ఆయనకు!"

చప్పట్లు ఆగాక చక్రపాణి ఆయన్ని పక్కకు పిలిచాడు.

"సార్, మా టీమ్‌లో ఒక పొజిషన్ తీసేస్తారంటున్నారు. మీరు ఒక్క మాట వేస్తే..."

"చక్రపాణీ," పద్మనాభం గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "మనవాళ్లని మనం చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారయ్యా? వెళ్లు, ధైర్యంగా కాల్చు." అక్షింతలు కూడా వేశారు.

మర్నాడు మిగతా సమితి వనభోజనాల దగ్గర ఆగిపోగా, తెల్లవారేసరికి చక్రపాణి, తేజేశ్వర్ ఇద్దరూ గ్లెన్ పొలంలో ఉన్నారు. ఎదురెదురు చెట్లకు నిలువెత్తున కట్టిన రెండు మంచెల మీద ఇద్దర్నీ ఎక్కించి, గ్లెన్ వాగు పక్కకు వెళ్లాడు. చక్రపాణి చెట్టు దిగి, గడ్డపాయన చెప్పిన ప్రకారం చుట్టుపక్కల పొదల మీద మిగిలిన సీసా జాగ్రత్తగా చల్లి మళ్లీ ఎక్కాడు. ఆ విధంగా వర్జీనియా అడవి కొంత గోమూత్రంతో శుద్ధి అయింది.

పొద్దు పొడిచింది. పొదల్లోంచి ఒక జింక వచ్చింది. పెద్ద కొమ్ముల మగ జింక. శుద్ధి చేసిన పొదల్ని అది పట్టించుకోలేదు. తేజేశ్వర్ మంచె వైపు తలైనా తిప్పలేదు. పెళ్లిచూపులకు వచ్చినట్టు సరాసరి చక్రపాణి చెట్టు దగ్గరికి నడిచింది.

"అన్నా! కాల్చు, కాల్చు!" గుసగుసగా అరిచాడు తేజేశ్వర్. "ఆగాగు, వీడియో ఆన్ చెయ్యనీ."

చక్రపాణి స్కోపులో కన్ను పెట్టాడు. లోకమంతా ఎర్రగా ఉంది. పంతులుగారు బొట్టు సరిగ్గా అద్దం మీద పెట్టారు. రుమాలుతో తుడిచాడు, కుంకుమ వెళ్లి పసుపులో కలిసింది. ఇప్పుడు లోకం నారింజ రంగుకు వచ్చింది. అందులో జింక కనపడలేదు. కిందికి వంగి చూస్తే మంచె కిందే ఉంది. మెడ సాచి, వేలాడుతున్న అతని బూటును కళ్లు మూసుకుని వాసన చూస్తోంది.

"పోవే తల్లీ... పోరా నాయనా..." అంటున్నాడు చక్రపాణి. ఏ లింగం వాడాలో తెలియని సందర్భం. కాళ్లు పైకి లాక్కోబోతే తుపాకీ జారి కింద పడింది. దాన్ని కూడా ఒకసారి వాసన చూసి, నచ్చక, జింక వెళ్లిపోయింది.

చెట్ల వెనక నుంచి గ్లెన్ వచ్చాడు. కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. ముప్పై ఏళ్లుగా వేటాడుతున్నాననీ, జింక వచ్చి మనిషి కాళ్లకు మొక్కడం చూడటం ఇదే మొదటిసారనీ, చక్రపాణి లాంటి మనిషిని ఎవరూ వదులుకోరనీ ఇంగ్లీషులో అన్నాడు. చక్రపాణి అక్కడి నుంచే ఇంటికి ఫోను చేశాడు.

"పద్దూ, మనం సేఫ్! ఎవరూ వదులుకోరన్నాడు!"

"జింక?"

"అదీ సేఫ్!"

ఫోనులో పద్మజ ఏడ్చింది. ఎదుటి మంచె మీద తేజేశ్వర్ వీడియో తీయడం ఆపేశాడు.

థాంక్స్‌గివింగ్ సెలవులు కాగానే సోమవారం పొద్దున్న వీడియో కాల్ వచ్చింది. టీమ్‌లో ఒక ఉద్యోగం తగ్గవచ్చన్న వార్త సరైనది కాదని కంపెనీ వివరణ ఇచ్చింది. టీమే తగ్గింది. పని మొత్తం హైదరాబాద్ ఆఫీసుకు పోయింది. చక్రపాణి, తేజేశ్వర్, వాళ్లను ఉంచాలా తీసేయాలా అని తేల్చవలసిన గ్లెన్, ముగ్గురూ ఒకే కాల్‌లో పోయారు. కాల్‌లో మాట్లాడింది పద్మనాభం గారు. దీపావళికి ముందే ఆయన చేసిన నిర్ణయమట అది. పూజ నాటికి కాయితాలు కూడా సిద్ధమట. ఇది చాలా కష్టమైన నిర్ణయమనీ, తన గుండె బరువెక్కిందనీ ఆయన ఇంగ్లీషులో చెప్పి, కెమెరా ఆపేశారు.

గ్లెన్ మర్నాడే తన పొలానికి వెళ్లి వేటాడుకున్నాడు. ఆయనకు వేట సరదా. మనవాళ్లు ఇళ్లలో కూర్చుని రెజ్యూమేలు దిద్దుకున్నారు. "ఒక్క పూజ మాత్రమే చేసినది, ఒక్కసారీ పేల్చనిది, ధర మాట్లాడుకోవచ్చు" అని గ్రూపులో పోస్టులు పడ్డాయి. అందరూ అమ్మేవాళ్లే కనుక కొనేవాళ్లు లేరు.

ఈ రాష్ట్రంలో సీజన్లో తుపాకీ పట్టుకుని అడవిలోకి వెళ్లేవాడు కంటికి కొట్టొచ్చే రంగు బట్ట వేసుకోవాలని చట్టం ఉంది. దూరం నుంచే అందరికీ తెలియాలట, వీడు వేటగాడని. బేస్‌మెంట్లకు అటువంటి చట్టమేదీ లేదు. అక్కడ పట్టు కండువా సరిపోతుంది.

డిసెంబరులో సమితి సర్వసభ్య సమావేశం జరిగింది. రెండు తూటాల వర్గాలూ ఏకమైన సందర్భం అదొక్కటే. సొంతవాళ్లని కూడా చూడకుండా, పక్షపాతానికి తావివ్వకుండా నిర్ణయం తీసుకున్నందుకు పద్మనాభం గారికి ఘన సన్మానం చేశారు. నైతిక విలువల శిఖరమన్నారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

శాలువా కప్పింది చక్రపాణి. పళ్లెం పట్టుకుంది పద్మజ. వేరే డిపార్టుమెంటులో ఒక ఖాళీ ఉందట, పద్మనాభం గారు రెఫర్ చేస్తే చాలట. వరుసలో వెనకే తేజేశ్వర్ ఇంకా పెద్ద శాలువాతో నిలబడి ఉన్నాడు.

ఆ ఫొటో మన గ్రూపులోనే పెట్టారు. అందరూ దండాలు పెట్టారు, పూలగుత్తులు పంపారు. మీరు కూడా పెట్టారు. నేను చూశాను.