పద్నాలుగో అడ్డవీధి

రోడ్ల విభాగం గుమాస్తా ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకి అతని బాల్కనీలోకి ఎండ వస్తుంది. ఎనిమిదికల్లా ఎదురింటి మేడ దాన్ని మింగేస్తుంది. ఆ అరగంటలో తన వీధిని ఫోటో తీసి, సాయంత్రం ఐదులోపు పోటీకి పంపించాలి.

వీధి అంటే మనం నడిచే వీధి కాదు. నాలుగు నెలలుగా భోజనాల బల్ల మీద అతను కట్టుకున్న రెండడుగుల వీధి. కాళ్లూ చేతులూ కదిలే వీరుడి బొమ్మను అందులో నిలబెట్టి ఫోటో తీస్తే, చూసినవాడు బొమ్మ అని నమ్మకూడదు. అదీ పోటీ షరతు, అదీ అతని తపన. థర్మోకోల్ గీకి ఇటుక గోడలు లేపాడు. వాడేసిన టీపొడి ఎండబెట్టి దుమ్ముగా చల్లాడు. ఇసుకలో జిగురు కలిపి రోడ్డు వేశాడు. నడిమధ్య గుంట తవ్వి, గాజులాంటి జిగురు పొరలు పొరలుగా పోసి మురికినీళ్లు నిలబెట్టాడు. పొర ఆరడానికి ఒక రోజు, మొత్తం తొమ్మిది పొరలు. గోడకి 'పద్నాలుగో అడ్డవీధి' అని బోర్డు కూడా తగిలించాడు. ఊళ్లో ఉన్నవి పదకొండే కాబట్టి ఎవరినీ నొప్పించినట్టు ఉండదని అతని ఉద్దేశం.

ఆ నాలుగు నెలలూ ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు.

"ఇవాళే ఆఖరు," అంది భార్య. "పోటీలో నెగ్గారా, సామాన్ల గది ఖాళీ చేసి మీకిచ్చేస్తా. లేదా, ఈ వీధి వీధంతా అటకెక్కుతుంది. మీరూ ఎక్కుతానంటే నిచ్చెన నేనే పట్టుకుంటా."

వీధిని బాల్కనీలోకి మోసుకెళ్లి, బొమ్మను పెట్టకముందు వెలుతురు చూసుకుందామని ఒక ఫోటో తీశాడు. ఫోను నేలకి ఆనించి తీయడంతో రెండడుగుల వీధి రెండు ఫర్లాంగులంత కనిపించింది. ఉబ్బితబ్బిబ్బై, తనలాంటి బొమ్మల పిచ్చివాళ్ల గ్రూపుకి పంపించి, "ఎలా ఉంది? ఇంకేమైనా పాడుచేయాలా?" అని కింద రాశాడు.

ఆనందంలో వేలు ఒక గీత కిందకి జారింది. ఫోటో వెళ్లింది రోడ్ల విభాగం గ్రూపుకి.

చెరిపేద్దామనుకునేలోపే పెద్దసారు చూసేశారు. "ఏమిటీ ఘోరం? ఈ వీధి ఎవరి కింద ఉంది?"

ఆ విభాగంలో రోడ్డును రోడ్డు మీదకి వెళ్లి చూసే అలవాటు ఎవరికీ లేదు. పాడైతే ఒక ఫోటో, బాగైతే ఒక ఫోటో. రెండూ ఫైల్లో పక్కపక్కన అతికిస్తే పనైపోయినట్టే. కాబట్టి అక్కడ గుంట కంటే గుంట ఫోటో అంటేనే హడల్.

అరనిమిషంలో ఇంజనీరు జవాబిచ్చాడు. "నా దృష్టిలోనే ఉంది సార్. పోయిన వారం స్వయంగా వెళ్లి చూశాను."

వెంటనే కాంట్రాక్టరు అందుకున్నాడు. "నిన్ననే పూడ్చేశాం సార్. అది పాత ఫోటో."

గుమాస్తా "సార్, అది మా భోజనాల బల్ల..." అని టైపు చేస్తుండగానే ఇంజనీరు ఫోన్ చేశాడు.

"ఫోటో పెట్టి నా కొంప ముంచింది చాలదా? ఇక ఒక్క ముక్క రాశావంటే చూడు!"

గుమాస్తా టైపు చేసింది చెరిపేసేసరికి ఎండ కాస్తా మేడ వెనక్కి పోయింది. పెద్దసారు మాత్రం తేలికపడ్డారు. "పూడ్చారా? సంతోషం. నాలుగింటికి పైవాళ్ల సమీక్ష ఉంది. పూడ్చిన ఫోటో మూడింటికల్లా కావాలి. అదే గోడ, అదే బోర్డు కనపడాలి."

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంజనీరూ కాంట్రాక్టరూ చెమటలు కక్కుకుంటూ ఆఫీసులో గుమాస్తా బల్ల దగ్గరకొచ్చారు.

"పదకొండో వీధి దాటగానే రైలుపట్టాలొచ్చేశాయయ్యా," అన్నాడు ఇంజనీరు. ఊళ్లో ఎన్ని వీధులున్నాయో ఆయనకు తెలియడం అదే మొదలు. "ఆ పద్నాలుగోది ఎక్కడ తగలడింది?"

గుమాస్తా ఉన్నదంతా చెప్పాడు. కొడతారేమోనని ఓ అడుగు వెనక్కి వేశాడు. కానీ ఇంజనీరు ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది.

"మీ ఇల్లెంత దూరం?"

రెండు గంటలకి కాంట్రాక్టరు బాల్కనీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గుమాస్తా భార్య చెంచా తెచ్చిచ్చింది. గుంటలోకి ఇసుక పడుతుంటే గుమాస్తాకి కళ్లు చెమర్చాయి.

"తొమ్మిది పొరలండీ..."

"నా ఉద్యోగం ఊడేలా ఉంటే నీ పొరల గోలేంటయ్యా!"

కాంట్రాక్టరు అలవాటుకొద్దీ జిగురు మిగుల్చుకున్నాడు. అయిదు నిమిషాల్లో రోడ్డు కుంగింది.

"చారెడు గుంట కూడా నిలవదా అన్నయ్యగారూ?" అంది ఆవిడ.

"జిగురు సరిగా పొయ్యి! గట్టిగా అణచు!" అని ఇంజనీరు అరిచాడు.

కాంట్రాక్టరు తలెత్తి చూశాడు. "ఆరేళ్లుగా మీ కింద పనిచేస్తున్నా. ఈ మాట ఇవాళే వింటున్నా సార్."

ఎండ ఎప్పుడో పోయింది. ఆవిడే టేబుల్ లైటు పట్టుకుంది. మూడింటికి ఫోటో వెళ్లింది. పెద్దసారు "శభాష్" అన్నారు.

ఇక మిగిలింది పోటీ. గుంట దాటుతున్నట్టు కాలెత్తి నిలబడాల్సిన వీరుడు, చదునైన రోడ్డు మీద ఊరికే కాలెత్తుకుని నిలబడ్డాడు. ఐదుకి రెండు నిమిషాలుండగా ఆ ఫోటోనే పంపించాడు గుమాస్తా.

మర్నాడు పొద్దున్నే పోటీవాళ్ల జవాబు వచ్చింది. "గోడలు, దుమ్ము, బోర్డు అచ్చం నిజమైనవాటిలా ఉన్నాయి. రోడ్డు మాత్రం నమ్మేలా లేదు. ఇలాంటి వీధిలో ఇంత నున్నటి రోడ్డా? తిరస్కరించాం."

భార్య వెళ్లి నిచ్చెన తెచ్చింది. తిట్టినా బాగుండేదనిపించింది గుమాస్తాకి. గోడలు విరగకుండా వీధిని రెండు చేతులా ఎత్తి, మొదటి మెట్టు ఎక్కాడు. అప్పుడే ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేవు కాబట్టి ఆవిడే తీసి, అతనికి వినపడేలా స్పీకరు పెట్టింది.

"సమీక్షలో మన పద్నాలుగో వీధిని అందరికీ ఆదర్శంగా చూపించారయ్యా!" అన్నాడు ఇంజనీరు. "నెలాఖరుకి పదిహేను, పదహారు కూడా కావాలట. ముందు పాడైనట్టొకటి, తర్వాత బాగైనట్టొకటి. నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు, ఇంట్లోనే కానియ్."

ఆవిడ ఫోన్ పెట్టేసి, కొంగు ముడి విప్పి సామాన్ల గది తాళంచెవి తీసింది.

"దిగండి. ఆఫీసు పని అటక మీద చేస్తారా ఎవరైనా?"

నెల తిరిగేసరికి ఊరికి మూడు కొత్త వీధులు చేరాయి. పాత పదకొండూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.