ఆదర్శ గురామి దంపతులు

దేశంలో సన్నగిల్లుతున్న కుటుంబ బంధాలను మంత్రిగారు ఈ నెలాఖరులోగా బలపరుస్తారనీ, ఆ కార్యక్రమాన్ని చేపలతో ప్రారంభిస్తారనీ పత్రికలకు ప్రకటన అందింది. మనుషులతో ఎందుకు ప్రారంభించరో అందులో లేదు. చేపలు వినతిపత్రాలు ఇవ్వవని అందరికీ తెలుసు.

ఎంపికైన చేపలు రిటైర్డు హెడ్‌గుమాస్తా ఇంట్లో ఉన్నాయి. ఆయన ఇరవై ఆరేళ్లుగా పార్టీ సభల్లో కుర్చీలు వేయించిన మనిషి. ముందు వరసలో ఒక్కటీ ఆయనకు దక్కలేదు. ఈసారి సలహాసంఘంలో చోటు ఇస్తామన్నారు.

నిజానికి చేపలు ఆయనవి కావు, నిరుడు పోయిన భార్యవి. చిటికెనవేలంత గురామిలు. మగదానికి ఒంటినిండా ఎరుపు, నీలం చారలు, ఆడది బూడిదరంగు. వాటి పిల్లల్ని కళ్ళారా చూడాలని ఆవిడ ఆశపడింది. మగది నీటిమీద గూడు కట్టిన ప్రతిసారీ ఆయనే తొట్టెలో గాలిపంపు వేసి చెదరగొట్టాడు. నిలవనీళ్ళు ఇంటికి దరిద్రమని ఆయన సిద్ధాంతం.

ఆవిడ పోయాక పంపు ఆపడం నేర్చుకున్నాడు. మొన్న మగచేప నోటితో బుడగలు ఊది, తేలే ఆకుల మధ్య నురగగూడు కట్టింది. అందులో గుడ్లు చేరాయి. గుడ్లు పడ్డాక మగది ఆడదాన్ని దగ్గరికి రానివ్వదు, తరిమి కొరుకుతుంది. అందుకని భార్య నోటుబుక్కులో రాసినట్టే ఆడదాన్ని తీసి గాజుసీసాలో వేశాడు. నిన్నటికి గూట్లో పిల్లలు వెంట్రుకముక్కల్లా వేలాడుతున్నాయి. జీవితంలో ఆయన చేసిన మంచిపని అదొక్కటే. దాన్ని కూడా ఊరంతా చెప్పుకున్నాడు. లేకపోతే సంగతి మంత్రిగారిదాకా వెళ్ళేది కాదు.

ముందుగా ఆఫీసరు వచ్చాడు.

"కుటుంబం ఏదండీ?"

"అదిగో సార్, ఆ కాపలా ఉన్నది తండ్రి. పిల్లలు నురగలో ఉన్నాయి."

"తల్లో?"

"సీసాలో."

ఆఫీసరు ఫైలు తెరిచాడు. "తల్లి సీసాలో ఉంటే ఆదర్శ కుటుంబం ఎలా అవుతుందండీ? ఉత్తర్వులో దంపతులు అని ఉంది."

"కలిపితే అది దీన్ని చంపేస్తుంది సార్."

"ఎంతసేపట్లో?"

పై అధికారి అడిగితే తెలియదనడం హెడ్‌గుమాస్తాకు అలవాటు లేదు. "ఓ గంట పట్టొచ్చు."

"మంత్రిగారు పది నిమిషాలే ఉంటారు."

భార్య చెల్లెలు అతిథుల కోసం కప్పులు తుడుస్తోంది. "బావా, అక్క ఏం రాసిందో చదివావుగా?"

"చదివాను."

"చదివి కూడానా?"

"దేశం గురించి మాట్లాడుకుంటుంటే మధ్యలో చేపలేమిటమ్మా," అన్నాడు.

మంత్రిగారు దయచేశారు. ఆఫీసరు కనుసైగ చేశాడు. హెడ్‌గుమాస్తా సీసా వంచాడు. చెయ్యి వణకలేదు. వణికిందని తరవాత మరదలితో చెప్పాడు.

మగచేప గూడు వదిలి ఆడదాని మీద పడింది. ఆడదాని తోక చిరిగింది.

"ఏమి అన్యోన్యత," అన్నారు మంత్రిగారు. "ఇల్లాలు రాగానే ఎలా ఎదురెళ్ళాడో చూడండి. మా ఇంట్లోనూ ఇంతే."

నీళ్ళు కదలకపోతే టీవీలో బొమ్మ అనుకుంటారని కెమెరామన్ గొణిగాడు. అందరూ హెడ్‌గుమాస్తా వైపు చూశారు. పంపు స్విచ్చి ఆయన భుజం పక్కనే ఉంది.

గూడు విడిపోయి తొట్టెంతా బుడగలయింది. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. హెడ్‌గుమాస్తా కూడా కొట్టాడు, మర్యాద తెలిసిన మనిషి.

మధ్యాహ్నానికి ఆడచేప వెల్లకిలా తేలింది. పిల్లల్ని మగచేప మింగిందో, పంపు మింగిందో తెలియలేదు. మర్నాడు పత్రికల్లో బుడగల ఫొటో పడింది. కింద 'వేలాది సంతానంతో ఆదర్శ దంపతులు' అని రాశారు.

వారం తిరక్కుండా ఆఫీసరు ఫారాలు తెచ్చాడు.

"మీ సభ్యత్వం ఖాయమైందండీ. ఆదర్శ కుటుంబాలకే ఇస్తున్నాం. ఇక్కడ మీ సంతకం, ఈ పక్కన మీ ఆవిడది."

"ఆవిడ నిరుడు పోయింది సార్."

ఆఫీసరు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "దానికి గడి లేదే. మీరే పెట్టేయండి."

మరదలు తొట్టె కడుగుతోంది.

హెడ్‌గుమాస్తా తన సంతకం పెట్టాడు. పక్కగడి దగ్గర కలం ఆగింది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి సంతకం ఎలా ఉంటుందో గుర్తు రాలేదు. లేచివెళ్ళి చేపల నోటుబుక్కు తెచ్చాడు. అట్ట మీద ఆవిడ పేరుంది. చూసి దించాడు.

మూడు కాపీలు కావాలన్నాడు ఆఫీసరు. మూడోదానికి చూడకుండానే వచ్చేసింది.