షెడ్డులో ట్యూనింగ్ వర్ధిల్లాలి!

ప్రతి ఇంటికీ ఒక మోటార్‌సైకిల్ ఇంజను ఉండాలి. మోటార్‌సైకిల్లో కాదండీ, రేసు కారులో! దాన్ని రోజూ ట్యూన్ చేసే బావమరిది కూడా ఉండాలి. ఈ రెండూ లేని వాళ్లని చూస్తే నాకు నిజంగా జాలేస్తుంది. పాపం, సాయంత్రాలు ఎలా గడుపుతారో!

నాకా బెంగ లేదు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పానో లేదో, ఇంటి వెనక షెడ్డులో మా బావమరిది ఇంజను స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ పీక నొక్కుతాడు. వంటింట్లో గిన్నెలు వాటంతటవే అలమర అంచుకి నడిచొస్తాయి. ఎదురింటావిడ దడేల్‌మని కిటికీలు వేసుకుంటుంది. మా ఆవిడా నేనూ పోట్లాడుకుని ఎన్నాళ్లయిందో! తను పెదాలు కదుపుతుంది, నేను తలాడిస్తాను. కాపురం ఇంత సాఫీగా ఎప్పుడైనా సాగిందా?

బైకు ఇంజను కారులో ఎందుకని అడిగే అమాయకులు ఇంకా ఉన్నారు. బరువు తక్కువ, జోరు ఎక్కువ అంటాడు మావాడు. కాదన్నదెవరు? కాకపోతే దానికి రివర్స్ గేరు లేదు. బైకుకి వెనక్కెళ్లే పనేముంటుంది మరి! అందుకని కారు మళ్లీ షెడ్డులోకి వెళ్లాలంటే ఇంటిల్లిపాదీ తొయ్యాలి. మమ్మల్ని చూసిపోదామని వచ్చిన మా అత్తగారు చేతికర్ర పక్కన పెట్టి మరీ తోశారు. ఆ వయసులో అంత వ్యాయామం ఏ డాక్టరు చేయించగలడు?

పైగా రోడ్డు మీదైతే ఇంజనుకి ఎదురుగాలి తగులుతుంది. షెడ్డులో జాకీల మీద చక్రాలు గాల్లో తిప్పుకుంటూ నిలబడ్డ కారుకి గాలెక్కణ్ణుంచొస్తుంది? మా హాల్లో ఫ్యానులోంచి! ఇంజను చల్లగా ఉంటుంది, నేను పేపరుతో విసురుకుంటూ ఉంటాను. ఇంట్లో ఎవరి విలువెంతో అందరికీ తెలిసి ఉండడం మంచిదేగా!

ఇక వీళ్ల ట్యూనింగ్ విద్య చూసి తీరాలి. మావాడికో దోస్తు ఉన్నాడు. ఏ వేగంలో ఎంత పెట్రోలు పొయ్యాలో ఇంజనుకి చెప్పే లెక్కల్ని మ్యాపు అంటారట. ఈయన ఎప్పుడూ లాప్‌టాప్‌లో ఆ మ్యాపే మారుస్తుంటాడు గనక మేమూ ఆయన్ని మ్యాపు అనే పిలుస్తాం. ఇంజను వంక కన్నెత్తి చూడడు. ఆయన మ్యాపులో ఓ అంకె మారుస్తాడు. సరిగ్గా అప్పుడే మావాడు సైలెన్సర్ మారుస్తాడు. "అబ్బ, ఇప్పుడు బాగుంది!" అంటారు ఇద్దరూ. దేనివల్ల బాగుంది? ఆ ముక్క బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. తెలుసుకుందామని రెండూ ఒక్కసారే వెనక్కి మారుస్తారు. "ఛ, ఇందాకే నయం!" అంటారు. చదువుకున్న వెధవలండీ ఇద్దరూ!

ఈ మోత ఆపించవేమయ్యా అంటారు ఇరుగుపొరుగు. ఆపించడమా? ఇది కలకాలం సాగాలని నేను కోరుకుంటుంటే! ట్యూనింగ్ సాగినన్నాళ్లూ ఆ కారు మా గేటు దాటదు. దాటిందంటే, అందులో కూచునేది నా కూతురు.

"నువ్వైతే తేలిగ్గా ఉంటావు, నువ్వే నడపాలి" అన్నాడు వాళ్ల మేనమామ. పిల్ల ఆ మాట పట్టుకుని నిద్ర మానేసింది. ఆమధ్య కారుని వాకిట్లోకి తోశాం. మా వాకిలి గేటు వైపు కాస్త పల్లం. స్టీరింగ్ దగ్గర కూచున్న పిల్ల బ్రేకు తొక్కింది. పెడల్ అడుగంటింది గానీ కారు ఆగలేదు. గేటుకి గుద్దుకుని ఆగింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మావాడు పరిగెత్తుకొచ్చి బానెట్ ఎత్తి చూసి, "ఇంజనుకి ఏం కాలేదు బావా!" అన్నాడు.

"బ్రేకుల సంగతేంట్రా?"

"బ్రేకులదేముంది బావా, చివర్లో ఓ పూట పని."

"బ్రేకులకి మ్యాపు ఉండదు సార్" అని మ్యాపు కూడా తన వంతు జ్ఞానం ప్రసాదించాడు.

నిన్న సాయంత్రం మోత ఆగిపోయింది. "అయిపోయింది బావా! ఆదివారం రేసుకి వెళ్తున్నాం!" అంటూ ఇద్దరూ హాల్లోకి ఊడిపడ్డారు. వెనకాలే హెల్మెట్ పెట్టుకుని మా అమ్మాయి.

"మరి బ్రేకులు?" అన్నాను.

"అక్కడ చూసుకుందాంలే బావా!"

బతిమాలితే వింటారా? తిడితే వింటారా? పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను. "అంతా దివ్యంగా ఉంది గానీ, పై గేర్లో ఎక్కడో సన్నగా గరగరమంటోందిరా. నా చెవుల దోషమేమోలే."

ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. మరుక్షణం షెడ్డులో ఉన్నారు. ఇంజను మళ్లీ అరిచింది. ఆహా, ఎంత హాయి!

అమ్మాయి హెల్మెట్ తీసి నా వంక గుర్రుగా చూసింది. "నీకు గేర్ల గురించి ఏం తెలుసు నాన్నా?"

"ఏమీ తెలీదు తల్లీ. నీ ప్రాణం కోసం బ్రేకులు చూడండ్రా అంటే చెవిన పెట్టనివాళ్లు, గరగర అనగానే పరిగెత్తారు. అదొక్కటే తెలుసు."

పిల్ల తల కొట్టుకుంది.

"అయితే ఆ గరగర బ్రేకుల్లోంచి వస్తోందని చెప్పొచ్చుగా నాన్నా!"